హంతకుని బాల్యము

ఘోరమైన హత్య యొకటి జరిగినదని తెలిసినప్పుడు మన పల్లెలలో రచ్చకట్టల యొద్ద రెండు మాటలు వినవచ్చుచుండును. "వాడు పుట్టుకతోనే రాక్షసుడు" అని కొందరందురు. "వానిననుట కాదు, వానిని పెంచినవారిననవలెను" అని మరికొందరందురు. ఈ రెండు మాటలును తొందరపాటున పుట్టినవే. మొదటి మాటను నమ్మినచో మనము చేయదగిన పని యేమియు లేదు. పుట్టినవాడు పుట్టెను, చంపినవాడు చంపెను, ఇక మిగిలినది ఉరిత్రాడు మాత్రమే. రెండవ మాటను నమ్మినచో దెబ్బలు తిని పెరిగిన ప్రతి బిడ్డను మనము అనుమానపు చూపుతో చూడవలసి వచ్చును. ఒకరి తరువాత నొకరిని చంపుచు పోవు మనుష్యుని బాల్యమెట్టిది? దానినుండి తల్లిదండ్రులును, ఉపాధ్యాయులును, ఊరి పెద్దలును గ్రహింపదగినదేమి? ఈ ప్రసంగమున ఆ సంగతి కొంత విచారింతము.

ఇది మనకు దూరదేశపు వార్త కాదు. 2019లో యాదాద్రి భువనగిరి జిల్లా హాజీపురమున పాడుబావులలో ముగ్గురు బాలికల అవశేషములు బయల్పడెను. 2020 ఫిబ్రవరిలో నల్లగొండ న్యాయస్థానము దోషికి మరణశిక్ష విధించెను. అదే సంవత్సరము మే నెలలో, కరీంనగరమునకు పొరుగుననున్న వరంగల్లు చెంత, గొర్రెకుంటలో ఒక బావినుండి తొమ్మిది శవములు వెలికివచ్చెను. అందు పొట్టకూటికై వంగదేశమునుండి వచ్చిన కుటుంబమువారే యెక్కువ, పసివాడును ఒకడుండెను. అంతకు రెండు నెలల ముందు చేసిన యొక హత్యను కప్పిపుచ్చుటకై ఈ తొమ్మిది హత్యలు జరిగినవని పోలీసులు తేల్చిరి. ఆ యేడు అక్టోబరులో వరంగల్లు న్యాయస్థానము ఆ దోషికిని మరణశిక్షయే విధించెను.

ఇట్టివానిని వరుసహంతకుడందురు. 2005లో అమెరికా దేశపు ఎఫ్.బి.ఐ. వారు పిలిచిన సభలో పండితులును పోలీసు అధికారులును కూడి, వేరు వేరు సందర్భములలో ఇద్దరిని గాని అంతకు మించి గాని చంపినవానికి ఈ పేరు చెల్లునని నిర్ణయించిరి. అట్టివారు లోకమున బహు కొద్దిమంది. కొద్దిమందియే యైనచో వారిని గూర్చి యింత విచారమేల యని అడుగవచ్చును. ఆ కొద్దిమందిని కఠినులను చేసిన బాల్యపు సంగతులే, అంత దూరము పోకున్నను, భార్యను కొట్టు మగనిని, పసివారిని హింసించు యజమానిని, తోటివాని కన్నీటికి నవ్వువానిని కూడ తయారు చేయుచున్నవి. విత్తనము ఒక్కటే, పైరు మాత్రము ఒక్కొక్క నేలలో ఒక్కొక్క యెత్తు పెరుగును. కావున దీనిని తెలిసికొనుట వలన ఇంటింటికిని ఉపయోగము గలదు.

ఒక బాలుడు హంతకుడుగా మారుట యెట్లో చూపు చరిత్ర మన ప్రాంతపు బాటల మీదనే గలదు. నాగపురమునుండి హైదరాబాదునకు వచ్చు పెద్దబాట పెన్‌గంగను దాటి, ఆదిలాబాదు మీదుగా వచ్చి, నిర్మల కొండదారిని దిగి, సోను గ్రామము యొద్ద గోదావరిని దాటి దక్షిణముగా పోవును. నేడు అది 44వ జాతీయ రహదారి. లారీలు పగలును రాత్రియు నడచుచుండును. రెండు వందల యేండ్ల క్రిందట ఈ దేశపు బాటల మీద వర్తకులును, యాత్రికులును, సెలవుపై యిండ్లకు పోవు సిపాయిలును గుంపులు గుంపులుగా నడచుచుండిరి. తోడు లేనిదే బాట నడచుటకు భయము. ఆ తోడు పేరిటనే మృత్యువు వచ్చెడిది. బాటసారులతో స్నేహము చేసి, నాలుగు మజిలీలు కలిసి నడచి, నమ్మకము కుదిరిన పిమ్మట చేతిగుడ్డ మెడకు బిగించి చంపి, అచ్చటనే గోతిలో పూడ్చి, సొమ్ము పంచుకొనిపోవు గుంపులుండెను. వారినే థగ్గులనిరి. నిజాము రాజ్యపు బాటలును వారికి కొత్త కావు. తెలంగాణీలను పేర ఒక తెగ థగ్గుల ప్రస్తావన ఆ కాలపు వాఙ్మూలములలో గలదు.

ఈ గుంపులను పట్టుటకు నియమింపబడిన విలియం స్లీమన్ అను అధికారి, పట్టుబడిన థగ్గుల మాటలను వ్రాయించి 1836లో కలకత్తాలో గ్రంథముగా అచ్చు వేయించెను. ఆ సంవత్సరమే థగ్గుల గుంపునకు చెందినవాడని రుజువైనంత మాత్రమున యావజ్జీవ శిక్ష వేయుటకు వీలు కలిగించు శాసనము వచ్చెను. నిజాము కొలువున పనిచేసిన మెడోస్ టేలరు ఈ సంగతులనాధారముగా గొని వ్రాసిన నవల 1839లో లండనున వెలువడెను. అందలి కథానాయకుని తల్లిదండ్రులను చిన్నతనముననే థగ్గులు చంపుదురు. వారిలో నొకడే ఆ పసివానిని కొడుకుగా పెంచును. అది కల్పితకథయే. కాని చచ్చినవారి పిల్లలను థగ్గులు పెంచుకొనుట కల్పితము కాదు. 1816లో మదరాసులో డాక్టరు షెర్వుడ్ దక్షిణదేశపు గొంతుబిగింపు దొంగలను గూర్చి వ్రాసిన వ్యాసమునందును ఆ సంగతి గలదు.

ఒక హెచ్చరిక యిచ్చట చెప్పుట న్యాయము. ఈ వాఙ్మూలములు ప్రాణము దక్కించుకొనుటకై సర్కారు పక్షమున సాక్ష్యమిచ్చిన ఖైదీలు పలికినవి; వ్రాసికొన్నవారు పరపాలకులు. థగ్గులందరును ఒకే వ్రతమునకు కట్టుబడిన వంశపారంపర్యపు హంతకులని స్లీమన్ కట్టిన సిద్ధాంతమును నేటి చరిత్రకారులు పెక్కుమంది అంగీకరింపరు. కొలువు పోయిన సిపాయిలును, బ్రతుకు చెడిన సేద్యగాండ్రును ఆ గుంపులలో చేరుచుండిరని వారందురు. ఆ వాదము నటుండనిండు. పిల్లలనెట్లు పనిలోనికి దింపిరో చెప్పుచోట మాత్రము వేరు వేరు కాలములలో, వేరు వేరు సీమలలో వ్రాయబడిన సాక్ష్యములు చాలవరకు ఒక్క తీరుగనే యున్నవి.

ఆ తీరు ఇట్టిది. పది పండ్రెండేండ్ల ప్రాయమున బాలుని మొదటిసారి ప్రయాణమునకు తీసికొనిపోవుదురు. దగ్గరి చుట్టమొకడు వానికి గురువు. ఎక్కుటకు చిన్న గుఱ్ఱము, కట్టుటకు మంచి బట్టలు, తినుటకు మిఠాయిలు. గుంపు చేయు పని వానికి తెలియనీయరు. సొమ్ము వచ్చినదని మాత్రము చూపి వానికింత యిత్తురు. కొంతకాలమునకు అది దొంగసొమ్మని వానికి తెలియును. అప్పటికే దాని రుచి మరగియుండును. మరికొంతకాలమునకు హత్య జరుగుచున్నదని అనుమానము కలుగును. పిమ్మట శవమును చూపుదురు. ఆ పిమ్మట గోయి త్రవ్వుటకు చేయి సాయము చేయింతురు. ఇట్లు యేండ్లు గడచి, మీసము వచ్చిన పిమ్మటనే వాని చేతికి గుడ్డ నిత్తురు. హత్యానంతరము పంచుకొను బెల్లమును థగ్గులు ప్రసాదముగా భావించిరి. ఫెరింగియా యను ప్రసిద్ధుడైన థగ్గు, తనకు కలిమికి గాని కొలువునకు గాని కొదువ లేకున్నను గుంపును విడిచి మనలేకపోతినని, పసితనమున తండ్రి తినిపించిన ఆ బెల్లమే తన్ను మార్చివేసెనని స్లీమన్‌తో చెప్పుకొనెను.

బెల్లమునకు మహిమ లేదు. మహిమ యెవరి చేతినుండి తినెనో ఆ చేతిది. తండ్రి ప్రేమయు, గుంపు మెప్పును, తీపియు, నెత్తురును ఒకే ముద్దగా కలిపి పెట్టినచో పసివాని మనస్సు వానిని వేరు చేసి చూడజాలదు. బాసర క్షేత్రమున సరస్వతీ సన్నిధిని మన పిల్లలచేత అక్షరములు దిద్దించుచున్నాము. పెద్దలు చేయి పట్టి దిద్దించిన మొదటి అక్షరము జన్మమంతయు మరపునకు రాదు కదా! మంచికి ఎంత బలమున్నదో చెడ్డకును పసితనమున అంత బలమున్నది.

అదే ఫెరింగియా చెప్పిన మరియొక సంగతి యున్నది. అది యీ విషయమునకంతకును కీలకము. వాని చుట్టమైన కుర్హోర యను పదునాలుగేండ్ల బాలుని మొదటిసారిగా ప్రయాణమునకు తీసికొనిపోయిరి. వానికొక అందమైన చిన్న గుఱ్ఱము నిచ్చి, హర్సుఖా యను యువకుని కాపుంచిరి. దారిలో అయిదుగురు సిక్కులు తోడైరి. ఒకనాడు తెల్లవారకముందే బయలుదేరి, బాలుని కంటికి గాని చెవికి గాని యేమియు సోకని దూరమున వెనుక నిలుపుమని హర్సుఖాకు ఆజ్ఞ యిచ్చిరి. బాలునికి వెనుక నుండుటకు మనసొప్పలేదు. కళ్లెము విడిపించుకొని గుఱ్ఱమును ముందునకు దుమికించెను. సరిగా హత్యకు సంజ్ఞ యిచ్చిన క్షణముననే అచ్చటికి చేరెను. ఆ కేకలు వినెను. ఆ చావులు చూచెను. ఒడలు వణకి గుఱ్ఱముమీదినుండి పడెను. చచ్చినవారి తలపాగలు కనబడినంతనే బెదరి, ఎవరు తాకినను పలుకరించినను అరచుచు, నిద్రలో పలవరించువానివలె ఆ హత్యలనే గూర్చి పలికెను. గుంపు ముందునకు సాగిపోయినను, ఫెరింగియాయు మరి కొందరును వానిపై మక్కువచే చెంత కూర్చుండి యెంత బుజ్జగించినను వానికి స్మృతి కుదురలేదు. ప్రొద్దు గ్రుంకకముందే ప్రాణము విడిచెను. ఆ దుఃఖము తాళలేక హర్సుఖా గుంపును వదలి బైరాగియై నర్మదాతీరమున ఒక దేవాలయమును చేరెను.

ఈ కథను నెమ్మదిగా తలపోయవలెను. కుర్హోర థగ్గుల వంశమున పుట్టినవాడు. పుట్టుకయే హంతకుని చేయునదైనచో వాడు ఆ దృశ్యమును చూచి యుప్పొంగవలసినది. కాని గుండె పగిలి చచ్చెను. తోటి మనుష్యుని చావు చూచినప్పుడు కలుగు వణకు పసివానికి సహజసిద్ధము. ఆ వణకును పోగొట్టుటకే థగ్గులకు అన్ని యేండ్ల శిక్షణము, అన్ని మెట్లు, అంత జాగ్రత్త కావలసి వచ్చెను. మెట్టు తప్పిన ఒక్కనాడే ఆ శిక్షణమంతయు విఫలమైనది. ఇక హర్సుఖా అప్పటికే మూడు ప్రయాణములు చేసి కొంత కఠినపడినవాడు. ఐనను ఒక బాలునిపైని మమకారము వానిని వెనుకకు త్రిప్పినది. హంతకుడు పుట్టడు, తయారు చేయబడుననియు, సగము తయారైనవానిని కూడ మమకారము మరల్పగలదనియు ఈ ఒక్క కథయందే మనకు తెలియుచున్నది.

అయితే నేటి వరుసహంతకునకు గుంపు లేదు, గురువు లేడు, వాడొంటరివాడు. వానిని తయారు చేసినదెవరు? 1970వ దశకము చివర అమెరికాలో ఎఫ్.బి.ఐ. ఉద్యోగులు చెరసాలలలోనున్న హంతకులతో మాటలాడ నారంభించిరి. 36 మందిని గూర్చిన విషయములను క్రోడీకరించి 1988లో గ్రంథముగా ప్రకటించిరి. వారిలో పెక్కుమంది యిండ్లలో త్రాగుడు, కొట్లాట, అవమానము; తండ్రి యుండియు లేనట్లే; తల్లితో చనువు లేదు. స్నేహితులు లేక బాలుడు తన పగటికలలోనే కాలము గడపెను. ఇంట బలహీనుడైనవాడు ఆ కలలో బలవంతుడు. ఇంట దెబ్బలు తినువాడు ఆ కలలో దెబ్బలు కొట్టువాడు. ఆ కల మొదట కుక్కపిల్లపైనను, పిల్లిపైనను ప్రయోగింపబడును. పిమ్మట తనకంటె చిన్నవానిపై. అనగా థగ్గుల బాలుని గురువు మెట్టుమెట్టుగా నడపినట్లే, వీడు తన్ను తానే మెట్టుమెట్టుగా నడపుకొనును. ప్రతి మెట్టునను ఆ సహజమైన వణకు కొంచెము కొంచెముగా చచ్చును. ఆ మెట్లలో నే యొకదానియొద్దనైన వానిని ఆపు చేయి లేకపోవుటయే అసలైన విపత్తు.

ఇచ్చట ఒక పొరపాటు జరుగుటకు అవకాశము గలదు. 1963లో అమెరికాలోని డెన్వరు పట్టణమున మెక్డొనాల్డు అను వైద్యుడు, ఇతరులను చంపెదమని బెదరించిన 100 మంది రోగులను పరీక్షించి, పక్కతడుపుట, నిప్పు పెట్టుట, జంతువులను హింసించుట యను మూడు లక్షణములు వారిలో కొందరి బాల్యమున కనబడినవని వ్రాసెను. లోకము ఆ మూటిని హంతకుని ముద్రగా పట్టుకొనెను. కొన్ని యేండ్లకు ఆ వైద్యుడే మరల పరిశీలించి, అవి నిశ్చయముగా భావిని చెప్పజాలవని తేల్చెను. ఐనను ఆ నమ్మకము నేటికిని పత్రికలలోను చలనచిత్రములలోను తిరుగుచున్నది. పక్కతడుపుట శరీరమునకు సంబంధించిన సంగతి. వయస్సుతోబాటు చాలవరకు పోవును. దానికై బిడ్డను నలుగురిలో సిగ్గుపరచుట గాయమును మనమే చేయుట యగును. తూనీగ తోకకు దారము కట్టి యాడుకొనిన పసివాడు హంతకుడు కాడు. తెలియనితనము వేరు, క్రౌర్యము వేరు. తూనీగకును నొప్పి కలదని ఒకసారి నెమ్మదిగా చెప్పినచో వాడు దారము విప్పును. చెప్పినను మానక, మాటిమాటికి, చాటుగా, నొప్పి చూచి సంతోషించుచు చేసినచో అప్పుడు పెద్దలు ఆలోచింపవలెను. అట్టి బాలుడు చాలమారులు తానును ఎవరిచేతనో అట్లే హింసింపబడుచుండును. కావున వానిని కొట్టుటకు ముందు, వానిని కొట్టుచున్నదెవరని అడుగవలెను.

గాయపడిన పిల్లలందరును గాయపరచువారగుదురా? ఈ ప్రశ్నకు లెక్కలతో జవాబు చెప్పిన పరిశోధన యొకటి గలదు. 1989లో కాథీ విడమ్ అను విదుషి, పసితనమున హింసకు గాని నిరాదరణమునకు గాని లోనైరని న్యాయస్థానములలో రుజువైన 908 మందిని, వారితో పోల్చుటకై అట్టి చరిత్ర లేని 667 మందిని తీసికొని, వారు పెద్దవారైన పిమ్మట పోలీసు లెక్కలను పరిశీలించెను. బాల్యముననే నేరమునకు పట్టుబడినవారు మొదటి వర్గమున నూటికి 26, రెండవ వర్గమున 17. హింసానేరములకు పట్టుబడినవారు మొదటి వర్గమున నూటికి సుమారు 11, రెండవ వర్గమున 8. ఈ అంకెలు రెండు సంగతులు చెప్పుచున్నవి. గాయము అపాయమును పెంచును, ఇది మొదటిది. గాయపడినవారిలో నూటికి దాదాపు 90 మంది హింసానేరములకు పట్టుబడలేదు; ఇది రెండవది. మొదటిదానిని మరచినవాడు పిల్లలను కొట్టును. రెండవదానిని మరచినవాడు దెబ్బతిన్న పిల్లలను వెలివేయును.

రక్తమున ఏమియు లేదా యని కొందరడుగవచ్చును. కొంత గలదు. కొందరు పిల్లలకు పుట్టుకనుండియే భయము తక్కువ, జాలి తక్కువ. 2002లో న్యూజీలాండునందలి డునెడిన్ పట్టణమున జరిగిన యొక పరిశోధనలో, ఒక జన్యువునందలి భేదము హింసకు లోనైన బాలురలోనే చెడు ఫలమును హెచ్చుగా చూపెననియు, ఆదరణముతో పెరిగినవారిలో అట్లు చూపలేదనియు ప్రకటించిరి. 2016లో అమెరికాలో దత్తత కుటుంబములను గూర్చి వెలువడిన పరిశోధన యింకను ఆశాజనకము. కన్నతల్లినుండి కఠినస్వభావము సంక్రమింపగల శిశువులలో సైతము, పెంచినతల్లి మెచ్చుకోలును ఆప్యాయతయు ఆ కాఠిన్యమును తగ్గించెనని అది చెప్పినది. అనగా పుట్టుక నేల వంటిది. నేల రాతినేల యైనచో సేద్యము మానము. ఎరువు హెచ్చుగా వేయుదుము.

పుట్టుకను బట్టి ముద్ర వేయుట వలన కలిగిన కీడును మన తెలుగుదేశము చక్కగా చూచినది. నేరము వంశముననే యున్నదను నమ్మకముతో ఆంగ్లప్రభుత్వము 1871లో నేరస్థ జాతుల శాసనమును చేసెను. 1911లో అది మదరాసు రాజధానికిని విస్తరింపబడెను. ఎరుకలవారి వంటి జాతులవారు నేరము చేసినను చేయకున్నను పోలీసులయొద్ద హాజరు పలుకవలసి వచ్చెను. బాపట్ల సమీపమున సాల్వేషన్ ఆర్మీ వారి పాలనలో స్టువర్టుపురము వెలసినది ఆ కాలముననే. తొట్టిలోని శిశువునకు కూడ దొంగ యను పేరు పెట్టిన ఆ శాసనము 1952లో రద్దయ్యెను; పేరు మాత్రము ఇప్పటికిని పూర్తిగా వదలలేదు. దొంగ యని పిలువబడుచు పెరిగిన బిడ్డకు దొర యగుట కష్టము. బడిలో ఉపాధ్యాయుడు ఒక బాలుని చూపి "వీడు పనికిరాడు, వీడు జైలునకు పోవువాడు" అన్నప్పుడు, ఆ శాసనమునే ఒక చిన్న గదిలో మరల అమలు జరుపుచున్నాడు.

అదే ప్రభుత్వము మరియొక చోట వేరొక పని చేసెను. 1830వ దశకము చివర జబల్పూరున థగ్గుల కొరకును వారి కుమారుల కొరకును ఒక శిల్పశాలను నెలకొల్పిరి. అచ్చట గుడారములు, తివాచీలు నేయుట నేర్పిరి. అది కాపలా నడుమ నడచిన శాల. అందలి బ్రతుకు స్వేచ్ఛాజీవనము కాదు. ఐనను హంతకుల కొడుకులు మగ్గము ముందు కూర్చుండి నేతగాండ్రయిరన్నది చరిత్ర. తండ్రి చేతిలోని గుడ్డ బాటసారి మెడకు బిగిసెను. కొడుకు చేతిలోని నూలు తివాచీ యయ్యెను. రక్తము ఒక్కటే, చేతికిచ్చిన పని వేరు. సిరిసిల్ల మగ్గములను, నిర్మల బొమ్మల పనిని ఎరిగిన మనకు దీని యర్థమును వివరింప నక్కరలేదు. చేతికి పనియు, ఆ పనికి మెప్పును దొరికిన బాలునకు, ఇతరుల నొప్పిలో తన బలమును వెదకుకొను అవసరము తగ్గును.

పెద్దల చేయి ఎంత పని చేయగలదో చూపు మరియొక పరిశోధన గలదు. హవాయి ద్వీపములలోని కవాయి యందు 1955లో పుట్టిన 698 మంది శిశువులను ఎమ్మీ వెర్నరు అను విదుషియు ఆమె సహచరులును దశాబ్దములపాటు గమనించిరి. పేదరికము, కలహము, తల్లిదండ్రుల త్రాగుడు మొదలైన కష్టములు పెక్కు కూడి వచ్చిన యిండ్లలో పుట్టినవారిలో సైతము మూడింట ఒకవంతు పిల్లలు చక్కగా ఎదిగి, పనిమంతులును దయగలవారునై నిలిచిరి. వారి బ్రతుకులలో కనబడిన సామాన్యలక్షణములలో ముఖ్యమైనది, తల్లిదండ్రులు కాకున్నను, ఎవరో ఒక పెద్ద వారిని విడువక కనిపెట్టియుండుట. ఒక యవ్వయో, ఒక మేనమామయో, ఒక పంతులో. పదిమంది అక్కరలేదు, ఒక్కరు చాలును.

ఇప్పుడు మన ఉభయ జిల్లాల సంగతి చూతము. 2016లో కరీంనగరమును ఆదిలాబాదును పెక్కు జిల్లాలుగా విభజించిరి గాని జనుల బ్రతుకుతీరు ఒక్కటే. ఎన్నో యిండ్ల బాపు గల్ఫు దేశమున నుండును. అవ్వ ప్రొద్దంతయు బీడీలు చుట్టుచుండును. పిల్లవాడు తాత, నాయనమ్మల యొద్దనో, వసతిగృహముననో పెరుగును. దూరమున నుండి డబ్బు పంపు తండ్రి ప్రేమలేనివాడు కాడు. కాని ఆ ప్రేమ టెలిఫోనులో వినబడునే గాని భుజముమీద చేయియై పడదు. కావున ఆ ఖాళీని నింపు బాధ్యత చుట్టూ ఉన్నవారిది. వసతిగృహపు వార్డెను రాత్రి పడుకొనబోవుటకు ముందు ఒక్కసారి పిల్లల నడుమ నడచి, తినని వాడెవడు, ఏడ్చినవాడెవడు, ఎవడు ఎవనిని జూచి బెదరుచున్నాడు అని చూచినచో, అది యే గ్రంథమును చెప్పలేని విద్య.

చట్టములును మనకు తోడుగానున్నవి. 2009 నాటి విద్యాహక్కు చట్టము బడిలో పిల్లలను కొట్టుటను, మనస్సును బాధించుటను నిషేధించినది. 2012 నాటి పోక్సో చట్టము పిల్లలపైని లైంగిక అత్యాచారములను శిక్షించుటయేకాక, తెలిసియు తెలుపనివానిని కూడ దోషిగా ఎంచుచున్నది. 1098 అను నంబరునకు టెలిఫోను చేసినచో ఆపదలోనున్న బిడ్డకు సాయము అందును. ఇంటి పరువు పోవునని నోరు మూసికొన్నచో, ఆ బిడ్డ ఒంటరిగా కల కనుటకు మనమే చీకటిగది కట్టియిచ్చినట్లగును. బిడ్డ చెప్పిన మాటను నమ్ముట చికిత్సలో మొదటి మోతాదు.

ఇట్లు బాల్యమును విచారించుట హంతకుని మన్నించుట కాదు. చచ్చినవారి తల్లులకు మన జాలి ముందు చెందవలెను. గాయపడియు గాయపరచనివారు అంతమంది యున్నప్పుడు, గాయపరచినవాడు తన కార్యమునకు జవాబుదారియే. ఐనను న్యాయము తెలిసికొనదగినది కొంత బాల్యమున గలదని మన దేశపు సర్వోన్నత న్యాయస్థానమే చెప్పినది. 2022 మే నెలలో మధ్యప్రదేశమునకు చెందిన మనోజ్ కేసు తీర్పునందు, మరణశిక్షకు తగిన నేరములలో నిందితుని తొలి కుటుంబపరిస్థితిని, పసితనమున హింస గాని నిరాదరణము గాని జరిగినదా యను సంగతిని క్రింది న్యాయస్థానములు తెప్పించుకొని చూడవలెనని ఆదేశించెను. ఎంతో మంచి ఆదేశము. కాని ఆ విచారణ జరుగునప్పటికి బాల్యము గడచిపోయి యుండును, చచ్చినవారు చచ్చియుందురు. న్యాయస్థానము ఆఖరున అడుగు ప్రశ్నను మనము మొదటనే అడుగవలెను. ఈ బిడ్డ యింట ఏమి జరుగుచున్నది? వీని వెంట నున్నదెవరు?

పల్లెలలో నొక బిడ్డ బడి మాని, ఒంటరిగా తిరుగుచు, కుక్కలను రాళ్లతో కొట్టుచు కనబడినచో, "వీని బ్రతుకింతే" యని దాటిపోవుట సులభము. పిలిచి, కూర్చుండబెట్టి, "తిన్నావా బిడ్డా?" యని అడుగుటయు అంత కష్టము కాదు. ఈ రెంటిలో ఏది చేసిన ఫలమేమో ఆనాటికి తెలియదు. రేపు వాడు పెరిగి పెద్దవాడైనప్పుడు ఏ కీడు జరుగకుండినచో, జరుగని ఆ కీడును ఎవ్వరును లెక్కించరు, పత్రికలు ప్రకటింపవు. కీర్తి లేని ఆ పనిని మన తల్లులును, పంతుళ్లును, ఊరి పెద్దలును దినదినము చేయుచునే యున్నారు. దానిని ఇంకొంచెము తెలివితో, ఇంకొంచెము ఓపికతో చేయుమని మాత్రమే ఈ ప్రసంగముయొక్క మనవి.